మామూలు మాటలే ముంచుతాయి: ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కి

ఆవకాయ సీసా మీద "నో ప్రిజర్వేటివ్స్" అని ఉంటుంది. మాట పోలికను నమ్మి దాన్ని స్పానిష్‌లో "సిన్ ప్రెసెర్బతీవోస్" అని అచ్చు వేయిస్తే, మాద్రిద్‌లో సీసా చేతిలోకి తీసుకున్నవాళ్ళకు అందేది "ఇందులో కండోములు లేవు" అన్న హామీ. నిల్వకు వేసే రసాయనాలను స్పెయిన్‌లో కొన్సెర్బాంతెస్ అంటారు, మెక్సికోలో కొన్సెర్బదోరెస్ అంటారు.

పరువు తీసేవి ఎక్కువగా ఇలాంటి చిన్న మాటలే. "హైడ్రాలిక్ వాల్వు" ఎదురైతే ఎవరైనా ఆగి నిఘంటువు తీస్తారు. "హాట్", "ఆస్క్", "కమ్", "టైమ్" దగ్గర ఎవరూ ఆగరు. గచ్చిబౌలి ఆఫీసుల్లో స్పానిష్ కస్టమర్లకు మెయిళ్ళు రాసేవాళ్ళు, మాదాపూర్‌లో యాప్ బటన్ల మీద మాటలు మార్చేవాళ్ళు, పచ్చళ్ళు ఎగుమతి చేసేవాళ్ళు, తార్నాకలోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో స్పానిష్ చదువుతున్నవాళ్ళు, అందరూ జారేది ఇక్కడే.

దీనికి మందు మన ఇంట్లోనే ఉంది, తెలుగు. ఇంగ్లీషు ఒక్క మాటలో కుక్కేసిన అర్థాలను తెలుగు చాలాసార్లు విడదీసి చెబుతుంది. స్పానిష్ కూడా తరచు సరిగ్గా అక్కడే విడదీస్తుంది. కాబట్టి ఇంగ్లీషు వాక్యాన్ని తిన్నగా స్పానిష్‌లోకి తోసేయకుండా, "ఇదే ఇంట్లో అయితే ఎలా అంటాం?" అని ఒక్క క్షణం తెలుగులో అనుకుని, అక్కణ్ణుంచి బయల్దేరండి. తెలుగు కూడా దెబ్బ కొట్టే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

స్పానిష్ మాటల్ని ఇక్కడ లాటిన్ అమెరికా ఉచ్చారణ ప్రకారం రాశాం. స్పెల్లింగ్ మాత్రం నిఘంటువులో చూసుకోవాల్సిందే. "హ" వినిపిస్తే అది జె కావచ్చు, జి కావచ్చు. "బ" వినిపిస్తే బి కావచ్చు, వి కావచ్చు. "య" వెనక తరచు రెండు ఎల్‌లు ఉంటాయి. హెచ్ రాస్తారు గానీ పలకరు.

మొదటి పని: ఏ దేశానికి, ఎవరు ఎవరితో

స్పానిష్ 20 దేశాలకు అధికార భాష. "స్పానిష్‌లో కావాలి" అని వచ్చే ఆర్డరు "టిఫిన్ కావాలి" అన్నట్టే ఉంటుంది, ఇడ్లీయో దోసో తేలదు. పని మొదలుపెట్టకముందే దేశం పేరు రాతలో తెప్పించుకోండి. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి వాడే కొహేర్ అన్న క్రియ మెక్సికోలో, అర్జెంటీనాలో పచ్చి బూతు. అక్కడ తొమార్ అంటారు, అది స్పెయిన్‌లోనూ చెల్లుతుంది. బస్సును క్యూబాలో, కెనరీ దీవుల్లో గ్వాగ్వ అంటారు. చిలీలో గ్వాగ్వ అంటే చంటిపిల్ల. అన్ని దేశాలకూ ఒకటే రాత కావాలంటే అవుతొబూస్ లాంటి పుస్తకాల మాటనే పట్టుకోండి. కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది గానీ ఎవరికీ తప్పుగా తగలదు.

తర్వాతది మర్యాద. ఇంగ్లీషు "యూ" అని చేతులు దులుపుకుంటుంది. స్పానిష్‌లో తూ అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. పదిమందిని అనాలంటే లాటిన్ అమెరికాలో ఉస్తేదెస్ ఒక్కటే. స్పెయిన్‌లో చనువున్నవాళ్ళకు బొసోత్రోస్ వేరే ఉంది. అర్జెంటీనాలో తూ బదులు బోస్ వాడతారు, దానితో క్రియారూపం కూడా మారుతుంది. తెలుగు చెవి ఇక్కడ సాయం చేస్తుంది గానీ కొలత మాత్రం వేరు. మనం నాన్నను, మామయ్యను "మీరు" అంటాం కదా అని ఉస్తెద్ పెడితే, స్పెయిన్‌లో కొడుకు తండ్రితో పేచీ పడి మాట్లాడినట్టు ఉంటుంది. అదే కొలంబియా రాజధాని బొగొతాలో అన్నదమ్ములు కూడా ఉస్తెద్ అనుకోవడం మామూలే. బ్యాంకు ఉత్తరానికి, ఫిర్యాదు జవాబుకు ఉస్తెద్ క్షేమం. ఆటల యాప్‌కు తూ. ఏది తీసుకున్నా చివరి వరకూ అదే ఉండాలి. ఒకే మెయిల్‌లో పైన "మీరు" అని, కింద "నీ" అనడం అన్నిటికన్నా అసహ్యంగా కనిపించే తప్పు, అన్నిటికన్నా ఎక్కువగా జరిగేదీ అదే.

రెండో పని: తెలుగులో ఆగడం

"హాట్" తీసుకుందాం. చాయ్ హాట్ అంటే వేడి, స్పానిష్‌లో కలియెంతె. కూర హాట్ అంటే కారం, పికాంతె. ఈ రోజు హాట్ అంటే ఎండ, ఆసె కలోర్. "ఐ యామ్ హాట్" అంటే నాకు ఉక్కపోస్తోంది, తేంగో కలోర్. తెలుగులో నాలుగూ వేరువేరు, స్పానిష్‌లోనూ అంతే. ఇంగ్లీషును పట్టుకుని వెళ్ళినవాళ్ళు "ఎస్తోయ్ కలియెంతె" అంటారు. దాని అర్థం ఒళ్ళు వేడెక్కి ఉన్నానని కాదు, కామంతో ఉన్నానని.

"టైమ్" కూడా ఇలాంటిదే. టైమ్ లేదు అన్నప్పుడు తియెంపో, టైమ్ ఎంత అన్నప్పుడు ఓర, మూడు టైమ్స్ అన్నప్పుడు బేస్. తెలుగులో కాలం, గంట, సారి. "ప్లే" అంటే పిల్లలైతే ఆడతారు, హుగార్. వీణ అయితే వాయిస్తారు, తొకార్. వీడియో బటన్ మీదైతే ర్రెప్రొదుసీర్. "సేవ్": డబ్బు అయితే అవొర్రార్, ప్రాణమైతే సల్బార్, ఫైలు అయితే గ్వర్దార్. మనమూ ఆదా చేస్తాం, కాపాడతాం, భద్రపరుస్తాం. "ఫ్రీ" అంటే ఊరికే వచ్చేది గ్రాతిస్, తీరికగానో స్వేచ్ఛగానో ఉన్నది లీబ్రె, షుగర్ లేనిది "సిన్ అసూకర్". ఈ మూడోదాన్ని లీబ్రెతో గట్టెక్కించాలని చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. "సిన్" పెడితే పని అయిపోతుంది.

"కెన్" కాస్త లోతైనది. "ఐ కెన్ స్విమ్" అనగానే చేయి పొదేర్ మీదికి పోతుంది. తెలుగులో ఏమంటాం? "నాకు ఈత వచ్చు." నేర్చుకున్న విద్య అది. స్పానిష్‌లో దానికి సబేర్: "సే నదార్." కాలు విరిగి ఇప్పుడు ఈదలేకపోతే అప్పుడు పొదేర్: "నో ప్వేదో నదార్." "వచ్చు" అని మనసుకు తడితే సబేర్, "గలను, లేను" అని తడితే పొదేర్.

ఇక వాక్యం ఎముకల దగ్గరికి వస్తే తెలుగువాళ్ళకు నిజంగా పండగే. "ఐ లైక్ మ్యాంగో" అన్న ఇంగ్లీషు వాక్యంలో ఇష్టపడేది నేను. "మే గూస్త ఎల్ మాంగో" అన్నది అచ్చంగా "నాకు మామిడి నచ్చుతుంది". "మే" అంటే నాకు. కాయలు బహువచనమైతే క్రియ కూడా బహువచనం, "గూస్తన్". "మే ద్వేలె లా కబేస": నాకు తల నొప్పిగా ఉంది, "నా తల" అననక్కర్లేదు. "తేంగో వేయింతె ఆన్యోస్" అంటే నాకు ఇరవై ఏళ్ళు. అక్కడ "కలిగి ఉన్నాను" అంటారు, మనం "నాకు" అంటాం. ఇంగ్లీషులా "నేను ఇరవై" అని ఇద్దరం అనం. ఆకలి, దాహం, నిద్ర, భయం, అన్నీ ఈ వరసే.

"ఐ వాష్డ్ మై హ్యాండ్స్"ను చేతులు కడుక్కున్నాను అంటాం. ఆ "కొను" చేసే పనినే స్పానిష్‌లో "సే" చేస్తుంది. లబార్ అంటే కడగడం, లబార్సె అంటే కడుక్కోవడం. దువ్వడం పెయినార్, దువ్వుకోవడం పెయినార్సె. చొక్కా వేసుకోవడం పొనేర్సె. తెలుగులో "కొను" వచ్చిందంటే స్పానిష్‌లో "సే" ఉందేమో చూడండి. అప్పుడు "నా చేతులు" కాకుండా "లాస్ మానోస్" అంటే చాలు. "ఐ డ్రాప్డ్ ద గ్లాస్"ను "నేను గ్లాసు పడేశాను" అంటే ఇంట్లో తిట్లు తినాలి, అందుకని "గ్లాసు చేజారింది" అంటాం. స్పానిష్ వాళ్ళూ అదే ఎత్తు వేస్తారు: "సే మే కాయో ఎల్ బాసో."

ఇంకోటి, ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకు పేజీలు వివరించేది. స్పానిష్‌లో కర్మ మనిషైతే ముందు "ఆ" అనే చిన్న మాట రావాలి, వస్తువైతే అక్కర్లేదు. "బీ ఆ ర్రామూ", "బీ ఊన పెలీకుల". మనకు వివరణ ఎందుకు? "రామూని చూశాను", "సినిమా చూశాను". "ని" పెట్టకపోతే వాక్యం కుంటుతుందనిపించిన చోట "ఆ" పెట్టండి.

"మూడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను" అన్నప్పుడు మనం వర్తమానంలోనే ఉంటాం. స్పానిష్ కూడా అంతే: "బీవో అకీ దెస్దె ఆసె త్రేస్ ఆన్యోస్." ఇంగ్లీషు "హావ్ లివ్డ్"ను చూసి భూతకాలంలోకి పోతే, మూడేళ్ళు ఉండి ఖాళీ చేసి వెళ్ళిపోయారని అనుకుంటారు.

అందరూ భయపడే సేర్, ఎస్తార్ గొడవ. ఇంగ్లీషులో రెండూ "ఈజ్". శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని క్లాసుల్లో చెబుతారు. నమ్మకండి. చనిపోయినవాణ్ణి "ఎస్తా మ్వెర్తో" అంటారు, చావుకన్నా శాశ్వతమేముంది? తెలుగు వాక్యం చూడండి. "ఆయన డాక్టరు", క్రియే లేదు: "ఎస్ మేదికో." "ఆయన అలసిపోయి ఉన్నారు", ఉండు వచ్చింది: "ఎస్తా కన్సాదో." "పాప తెలివైనది" అంటే "ఎస్ లీస్త", "పాప రెడీగా ఉంది" అంటే "ఎస్తా లీస్త". మాట అదే, క్రియ మారితే అర్థమే మారింది. ఒక్క తిరకాసు ఏమిటంటే, "ఇల్లు పెద్దగా ఉంది" అని కూడా మనం అంటాం. అలాంటప్పుడు "పెద్దది" అని మార్చి చూడండి. మారినా అదే అర్థం నిలిస్తే సేర్. "చాయ్ వేడిది" అనం కాబట్టి అక్కడ ఎస్తార్. ఇది నూటికి నూరుపాళ్ళు పనిచేసే సూత్రం కాదు, కానీ క్లాసు సూత్రం కన్నా బాగా ఆదుకుంటుంది.

మూడో పని: తెలుగును కూడా అనుమానించడం

ముందుగా "వస్తున్నా". లోపల్నుంచి అమ్మ పిలిస్తే తెలుగులో వస్తున్నా అంటాం, ఇంగ్లీషులో కమింగ్ అంటాం. స్పానిష్‌లో "యా బోయ్", అంటే ఇదిగో వెళ్తున్నా. నేనున్న చోటికి రావడమే బెనీర్. మీరున్న చోటికి నేను కదిలితే అది ఈర్. "రేపు మీ ఆఫీసుకు వస్తాను" అన్న మెయిల్‌లో బెనీర్ పెడితే చదివినవాళ్ళు ఒక్క క్షణం తికమకపడతారు. తెలుగు, ఇంగ్లీషు రెండూ కలిసి చేసే మోసం కాబట్టి దీన్ని ఎవరూ పట్టుకోలేరు. తెచ్చే త్రయేర్‌కు, తీసుకెళ్ళే యెబార్‌కు కూడా ఇదే లెక్క. "మీ పార్టీకి స్వీట్లు తెస్తాను" అంటే యెబార్.

"అడుగు" రెండోది. ప్రశ్న అడిగితే ప్రెగుంతార్, వస్తువో సాయమో అడిగితే పెదీర్. హోటల్లో రెండో కప్పు చాయ్‌కు ప్రెగుంతార్ వాడితే చాయ్‌నే ఇంటర్వ్యూ చేసినట్టవుతుంది. "తెలుసు"కు కూడా రెండున్నాయి. విషయం తెలిస్తే సబేర్, మనిషో ఊరో పరిచయమైతే కొనొసేర్. "ఎరుగుదును" అన్న పాత మాట నప్పితే కొనొసేర్ అనుకోండి.

"ఉంది" మహా బద్ధకపు మాట. దగ్గర్లో ఏటీఎం ఉందా అంటే "ఆయ్". ఆ ఏటీఎం ఎక్కడుంది అంటే "ఎస్తా". నా దగ్గర డబ్బుంది అంటే "తేంగో". మీటింగు మూడో గదిలో ఉంది అంటే మాత్రం "ఎస్". చోటు చెబుతున్నాం కదా ఎస్తార్ ఎందుకు కాదంటే, అక్కడ ఉండేది వస్తువు కాదు, జరిగే పని. "ఉంది" తీసేసి "జరుగుతుంది" పెట్టి చూడండి, సరిపోతే సేర్.

"అయ్యాడు"కు స్పానిష్‌లో ఒక గుంపే ఉంది. డాక్టరయ్యాడు అంటే కష్టపడి అయ్యాడు, "సే ఇసో". పిచ్చివాడయ్యాడు, స్వభావమే మారింది, "సే బొల్బియో". సిగ్గుతో ఎర్రగా అయ్యాడు, కాసేపే, "సే పూసో". చూపు పోయి గుడ్డివాడయ్యాడు, "సే కెదో". ఈ చివరిదాని అసలు అర్థం మిగలడం. ఒంటరిగా మిగిలాడు అన్న చోటల్లా అదే సరిపోతుంది.

ఇక "నువ్వంటే ఇష్టం". "మే గూస్తస్" అంటే వలపే, తెలుగులోలాగే. కొత్త మేనేజరు మంచాయన అని చెప్పదలిస్తే "మే కాఎ బియెన్".

నాలుగో పని: వేషం ఒకటి, అర్థం ఒకటి

ఇంగ్లీషు మాటలా కనిపించి వేరే అర్థమిచ్చేవి వందల్లో ఉన్నాయి. అన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు, ఏది ఎంత నష్టం చేస్తుందో తెలిస్తే చాలు. ఎంబరసాద అంటే సిగ్గుపడ్డ అమ్మాయి కాదు, గర్భిణి. ఎక్సితాదో అంటే కంపెనీలు రోజూ రాసే ఎక్సైటెడ్ కాదు, దానికి మొదటి తలంపు కామమే. కొత్త ఉత్పత్తి ప్రకటనలో "నోస్ అలేగ్ర అనున్సియార్", ప్రకటించడానికి సంతోషిస్తున్నాం, అనండి. స్పెయిన్‌లో కొన్స్తిపాదో అంటే జలుబు చేసినవాడు. మలబద్ధకానికి ఎస్త్రెన్యీదో. మందుల షాపులో ఈ తేడా ముఖ్యం.

ఇవి నవ్వించి పోతాయి. నవ్వు రానివి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎవరూ పట్టుకోరు. "మీ డబ్బు ఈవెంచువల్లీ వాపసు వస్తుంది" అన్న దానిలో ఎబెంత్వల్మెంతె పెడితే, "వస్తే రావచ్చు" అని హామీ జారిపోతుంది. "అల్ ఫినాల్" అనండి, వీలైతే తేదీ వేయండి. "యాక్చువల్లీ"కి అక్త్వల్మెంతె పెడితే "ప్రస్తుతం" అవుతుంది, కావాల్సింది "ఎన్ ర్రెయలిదాద్". "మా టీమ్ మిమ్మల్ని సపోర్ట్ చేస్తుంది" అని సొపొర్తార్‌తో రాస్తే "మా టీమ్ మిమ్మల్ని భరిస్తుంది". స్కూలు ఫారంలో "పేరెంట్స్ సంతకం" దగ్గర పరియెంతెస్ అంటే బంధువులంతా దిగుతారు. అమ్మానాన్నలు పాద్రెస్. మీటింగుకు హాజరవడం అసిస్తీర్. అతెందెర్ అంటే చూసుకోవడం, వచ్చినవాళ్ళకు పలకడం. రెండూ ఇంగ్లీషులో కనిపించేదానికి అడ్డదిడ్డంగా మారిపోయాయి.

హైదరాబాద్‌లో దీనికి మరో పొర ఉంది, మన ఇంగ్లీషు. ఆయన 2015లో కాలేజీ నుంచి "పాసౌట్" అయ్యాడు అన్నది అనువాదం చేసే మెషీన్ చేతిలో పడితే 2015లో స్పృహ తప్పాడని తేలొచ్చు. "కర్డ్" అంటే నిఘంటువు చూపించేది క్వహాద, పాలు విరగ్గొట్టి చేసే వేరే పదార్థం. మన పెరుగు యొగూర్ నతురాల్. "బిల్డింగ్ బ్యాక్‌సైడ్" త్రసేరో అయితే పిరుదులు. దెత్రాస్ అనండి. "గింజెలీ ఆయిల్" అన్న మాటతో స్పానిష్ అనువాదకుడు ఏమీ తేల్చుకోలేడు. కాబట్టి మూలాన్ని ముందు మామూలు ఇంగ్లీషులోకి దిద్దుకోండి. "కరెంట్ పోయింది" మాత్రం హాయిగా వెళ్తుంది: "సే ఫ్వే లా లూస్", వెలుతురు వెళ్ళిపోయింది.

ఒక ఊరట కూడా ఉంది. పోర్చుగీసు ఓడల్లోనో పారసీ దారుల్లోనో వచ్చి మన ఇళ్ళలో స్థిరపడ్డ కొన్ని మాటలకు స్పానిష్‌లో చుట్టాలున్నారు. అల్మారాకు అర్మారియో, తువాలుకు తోఆయా, పాతబస్తీ చాబీకి యావె. అనాస మాత్రం కలవదు. అర్జెంటీనాలో అననా ఉన్నా, ఎక్కువ చోట్ల అది పీన్య.

ఐదో పని: ఆవకాయ లేబుల్, మాట మాటా

ఇప్పుడు మొదటి సీసాకే వద్దాం, మార్కెట్ స్పెయిన్ అనుకుందాం. "మ్యాంగో పికిల్" అని ఉంది. నిఘంటువులో పికిల్ ఎదురుగా మొదట పెపినీయో కనిపిస్తుంది, అది చిన్న దోసకాయ ఊరగాయ. ఎన్‌కుర్తీదో అనాలి. కానీ ఆ మాట వింటే వెనిగర్ గుర్తొస్తుంది. అందుకని "ఎన్‌కుర్తీదో ఇందియో దె మాంగో ఎన్ అసేయితె", నూనెలో ఊరిన భారతీయ మామిడి ఊరగాయ. ఆవకాయ అన్న పేరు పైన పెద్దక్షరాల్లో అలాగే ఉండనివ్వండి, దాన్ని అనువదించొద్దు.

"రా మ్యాంగో" అంటే క్రూదో కాదు, అది వండని మాంసానికీ కూరగాయకూ వాడే మాట. "మాంగో బేర్దె", పచ్చి మామిడి. "చిల్లీ పౌడర్": పిమెంతోన్ అని రాస్తే స్పెయిన్‌లో వంటకు రంగునిచ్చే, చాలావరకు కారం లేని పొడి. అదే అనుకుని ఆవకాయ తిన్నవాళ్ళ పరిస్థితి ఊహించండి. "చీలె మొలీదో" అని రాసి, పక్కన "మూయ్ పికాంతె" కూడా చేర్చండి. ఆవాలకు ఉత్తి మొస్తాస అంటే రొట్టెకు పూసే ముద్ద మనసులోకి వస్తుంది. మన సీసాలో ఉన్నది పొడి కాబట్టి "మొస్తాస ఎన్ పోల్బో". నువ్వుల నూనె స్పెయిన్‌లో "అసేయితె దె సేసమో", మెక్సికోకైతే నువ్వులను అహొంహొలీ అనాలి. ఐరోపా యూనియన్ నియమాల్లో తప్పనిసరిగా చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. పదార్థాల జాబితాలో ఆ రెండు మాటలనూ ముద్దక్షరాల్లోనో మరోలాగో ప్రస్ఫుటంగా చూపించాలి. మెంతులు ఫెనొగ్రేకో, వెల్లుల్లి ఆహో.

"బెస్ట్ బిఫోర్"కు సొంత కవిత్వం వద్దు, చట్టంలో ఉన్న మాటలే ఉన్నాయి: "కొన్సుమీర్ ప్రెఫెరెంతెమెంతె ఆంతెస్ దెల్", ఆ వెంట తేదీ. కదుసిదాద్ అన్న మాట త్వరగా చెడిపోయేవాటికి, ఆ తేదీ దాటితే తినకూడదని అర్థం. ఊరగాయకు అది పెట్టొద్దు. "కూల్ అండ్ డ్రై ప్లేస్"లో కూల్‌ను ఫ్రీయో అంటే ఫ్రిజ్‌లో పెడతారు. ఫ్రేస్కో అనండి, చల్లని నీడపట్టు.

అదే సరుకు మెక్సికోకు వెళ్తే ఇంకొన్ని మారతాయి. అక్కడి లిమోన్ మన నిమ్మకాయే. స్పెయిన్‌లో లిమోన్ అంటే పెద్ద పసుపుపచ్చది, మన చిన్నదానికి లీమ దగ్గర. వేరుశనగ స్పెయిన్‌లో కకవేతె, మెక్సికోలో కకవాతె, దక్షిణ అమెరికాలో మనీ. కందిపప్పుకు "యెల్లో లెంటిల్" అని తప్పించుకునేవాళ్ళు ఉన్నారు. ప్వెర్తో రీకోలో కందులను గాందూలెస్ అని పేరుపెట్టి వండుకుంటారు, వాళ్ళకు నేరుగా ఆ మాటే చెప్పొచ్చు. ఉస్మానియా బిస్కెట్ గయేత. బిస్కోచో అంటే మెత్తటి కేకు.

అంకెలు, వేళలు

కోట్లు తెలిసినవాళ్ళకు ఇది సులువు. ఇంగ్లీషు బిలియన్ అంటే వంద కోట్లు, స్పానిష్‌లో "మిల్ మియోనెస్". బియోన్ అంటే లక్ష కోట్లు, ఇంగ్లీషు ట్రిలియన్. ఈ ఒక్క పొరపాటుతో పెట్టుబడి వార్తలో మొత్తం వెయ్యి రెట్లవుతుంది. లక్షకు "సియెన్ మిల్", కోటికి "దియేస్ మియోనెస్".

1,500 అని కామా పెట్టి స్పెయిన్‌కు పంపితే ఒకటిన్నర అని చదువుతారు, అక్కడ కామా దశాంశ బిందువు. మెక్సికోలో మనలాగే. తంటా లేకుండా 1500 అనే రాయండి. నాలుగంకెలు దాటితే మధ్యలో ఖాళీ వదలండి, 150 000. తేదీలో రోజు ముందు, నెల తర్వాత, మనలాగే. మూలం అమెరికాది అయితే మాత్రం 04/05ను తిప్పుకోవాలి.

రాత్రి రెండు గంటలకు అన్నది "దె లా మద్రుగాద", తెల్లవారుజాము. మన్యాన అంటే రేపూ అదే, పొద్దునా అదే, కాబట్టి రేపు పొద్దున "మన్యాన పోర్ లా మన్యాన". రెండు వారాలను మనలాగే పదిహేను రోజులు అంటారు, "కీన్సె దీయస్". మెక్సికో కస్టమర్ "అవొరీత" చెల్లిస్తాను అంటే ఇప్పుడే కావచ్చు, సాయంత్రం కావచ్చు. హైదరాబాదీ "పర్సోం" గతంలో ఏ రోజైనా అయినట్టే ఇదీ, కాకపోతే ముందు వైపుకు. కాంట్రాక్టులోకి దాన్ని రానివ్వకండి.

చివరి పని: గుర్తులు, సరిచూపు

ఎన్ అక్షరం మీద అలలాంటి గీత మరిస్తే ఆన్యో కాస్తా ఆనో అవుతుంది. "నాకు 30 ఏళ్ళు" అన్నది "నాకు 30 మలద్వారాలు" అవుతుంది. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని 0241 కొడితే ఆ అక్షరం వస్తుంది, ఫోనులో ఎన్ మీద వేలు నొక్కి ఉంచండి. తలకిందుల ప్రశ్నార్థకానికి (¿) 0191, ఆశ్చర్యార్థకానికి (¡) 0161. ఈ తలకిందుల గుర్తు వాక్యం మొదట్లో కాదు, ప్రశ్న మొదలయ్యే చోట పడాలి. నెలలు, వారాలు, భాషల పేర్లు చిన్నక్షరంతోనే మొదలవుతాయి. ఇంగ్లీషు అలవాటులో పెద్దక్షరం పెట్టేవాళ్ళు దీన్ని ఎప్పటికీ గమనించరు.

సరిచూడటానికి మూడు మెట్లు చాలు. అనుమానమున్న ప్రతి మాటనూ 1713లో ఏర్పడిన స్పానిష్ రాయల్ అకాడమీ ఉచిత ఆన్‌లైన్ నిఘంటువులో చూడండి. ఇంగ్లీషు అర్థం కోసం కాదు, స్పానిష్‌లోనే ఇచ్చిన వివరణ కోసం. లాటిన్ అమెరికా వాడుకలకు 2010లో వచ్చిన "దిక్సియొనారియో దె అమెరికనిస్మోస్" ఉంది, ఏ మాట ఏ దేశంలో బూతో కూడా అందులో తెలుస్తుంది. తర్వాత తిండి, సామాను మాటలకు చిత్రాల వెతుకులాట. వెబ్ చిరునామా చివర మెక్సికోకు డాట్ ఎమ్ఎక్స్, స్పెయిన్‌కు డాట్ ఈఎస్ ఉన్న సైట్లకే పరిమితం చేయండి. అక్కడి సూపర్‌మార్కెట్ బొమ్మలో కనిపించేది మీ సరుకేనో కాదో అర నిమిషంలో తేలిపోతుంది. ఆఖరికి, మూలం చూడని ఇంకొకరితో స్పానిష్ నుంచి తెలుగులోకి నోటితో చెప్పించండి. ఇంగ్లీషులోకి చెప్పిస్తే పాత తప్పే తిరిగొచ్చి ఒప్పులా కనిపిస్తుంది: ప్రెసెర్బతీవోస్ మళ్ళీ ప్రిజర్వేటివ్స్ అయి కూర్చుంటుంది.

అచ్చుకు ఇచ్చేముందు స్టిక్కర్ కొలత చూసుకోండి. ఇంగ్లీషు కన్నా స్పానిష్ మామూలుగా పావు వంతు దాకా ఎక్కువ చోటు తింటుంది. ఇరుకైందని అక్షరాల మీది గుర్తులను కత్తిరించే డిజైనర్లు ఉంటారు, వాళ్ళకు ముందే చెప్పి పెట్టండి.